మందు పూసిన బోల్టులు

బోల్టు బిగించడం చాలామందికి వచ్చు. బిగించిన బోల్టును దాని మానాన వదిలేయడం మాత్రం ఈ పెద్దాయనకు పుట్టుకతో రాలేదు. వీధి తలుపు గడియ పెడితే రెండుసార్లు లాగి చూసుకుంటాడు. కుళాయి కట్టాడంటే అది కీచుమని మొర పెట్టుకునేదాకా తిప్పుతాడు. ఆయన మూత పెట్టిన సీసా తెరవాలంటే ఇంట్లో మళ్ళీ ఆయనే దిక్కు. కొందరికి అనుమానం రోగం ఉంటుంది, కొందరికి జాగ్రత్త రోగం ఉంటుంది. రెండోది ఓ పట్టాన తగ్గదు, ఎందుకంటే అది ఉన్నవాణ్ణి లోకం మెచ్చుకుంటుంది.

ఆసుపత్రులకు స్ట్రెచర్లు తయారుచేసే షెడ్డు ఆయన పెట్టిందే. ఇప్పుడు నడిపేది కూతురు. ఇనప చట్రాలకు చక్రాలు బిగించేది అల్లుడు. భార్య పోయిన దగ్గర్నుంచి పెద్దాయన వాళ్ళిద్దరితో పాటు షెడ్డు పైన మేడగదుల్లో ఉంటున్నాడు. ఎవరింట్లో ఎవరు ఉంటున్నట్టు అన్న ప్రశ్న ఒకటి ఆ మేడమెట్ల మీద ఎప్పుడూ తచ్చాడుతూనే ఉంటుంది. చుట్టుపక్కలవాళ్ళు అల్లుణ్ణి ఇల్లరికం అంటారు. అల్లుడు ఏమీ అనడు. నోట్లో నాలుక లేని మనిషి.

పెద్దాయనకు మిగిలింది సాయంత్రం పని. అందరూ చేతులు కడుక్కుని చెప్పులు వెతుక్కునే వేళకి ఆయన తన పాత పానా తీసి, ఆరోజు తయారైన ప్రతి స్ట్రెచర్ కిందికీ వంగి, ప్రతి చక్రం బోల్టుకీ ‘ఇంకో పట్టు’ పట్టేవాడు. ఆ మాటే ఆయనకు పేరైపోయింది. వెనకాల అందరూ ‘ఇంకోపట్టు మామయ్య’ అనేవారు, ఎదుటపడితే ‘మేస్త్రిగారూ’ అనేవారు. పట్టు కుదిరాక ఆయన గొంతులో ‘ఊఁ’ అనుకునేవాడు. ఆ ‘ఊఁ’ పడని స్ట్రెచర్ గుమ్మం దాటేది కాదు. పానా కూడా ఆయనలాగే వయసు మళ్ళింది. దాని నోరు ఒక పక్క చిట్లిపోయి, పట్టిన ప్రతి బోల్టు తల మీదా గోటి నొక్కంత గాటు పెట్టేది. కొత్తది కొనిస్తానని కూతురు ఎన్నిసార్లు అన్నా ఆయన ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అసలు ఆయన వైభవమంతా ఆసుపత్రిలో ఉండేది. అది పాతకాలపు కట్టడం. నేలంతా రాతి పలకలు, పలకకీ పలకకీ మధ్య సందులు. స్ట్రెచర్ నడుస్తున్నంతసేపూ దడదడలాడుతుంది. ఆ అదురుకు మామూలు బోల్టు ఎంత బిగించినా, కింద స్ప్రింగు వాషరు వేసినా, కొన్నాళ్ళకు మెల్లిగా వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. అందుకని నెలకోసారి పెద్దాయన పానా చంకలో పెట్టుకుని వెళ్ళి అన్నిటినీ బిగించి వచ్చేవాడు. యాభై దాటినా ఇంకా వార్డు బాయ్ అనే పిలిపించుకునే ఒకాయన పరుగున వచ్చి స్టూలు వేసేవాడు. “మా స్ట్రెచర్ల డాక్టరు వచ్చాడు, దారివ్వండి!” అని అరిచేవాడు. టీ వచ్చేది. అటుగా పోయే నర్సులు నవ్వి పలకరించేవారు. ఇంట్లో అంత మర్యాద ఎవరు చేస్తారు?

ఆ వైభవానికి ఎసరు పెట్టినవి కొత్త బోల్టులు. నెలనెలా స్ట్రెచర్లు ఆపి బిగించుకోవడం మా వల్ల కాదు, వదులు కాని బోల్టులు వేసి ఇస్తేనే తీసుకుంటాం అని ఆసుపత్రివాళ్ళు తేల్చి చెప్పారు. కూతురు నాలుగు చోట్ల వాకబు చేసి, మరచుట్ల మీద ముందే జిగురు మందు పూసి వచ్చే బోల్టులు తెప్పించింది. చూడటానికి అందులో ఏమీ లేదు. బోల్టు ఒంటి మీద ఒకచోట నీలంగా పొడిపొడి పూత. ముట్టుకుంటే వేలికి అంటదు. ఆ పూతలో గసగసాల కంటే సన్నని బుడగలుంటాయట. నట్టులోకి బిగిస్తున్నప్పుడు అవి చితికి, బుడగలోని మందు బయటి మందుతో కలిసి, మెల్లిగా గట్టిపడి బోల్టునీ నట్టునీ ఒకటి చేస్తుందట. సీసాలోంచి చుక్కలు పోసుకునే పని లేదు. ఒకదానికి ఎక్కువా ఒకదానికి తక్కువా అన్న గొడవా లేదు.

“ఒకసారి బిగిస్తే చాలు. మళ్ళీ బిగించక్కర్లేదు,” అన్నాడు వాటిని అమ్మడానికి వచ్చినతను.

అక్కర్లేదన్నాడు. షెడ్డులో అందరూ విన్నారు. కానీ ఆ షెడ్డు చెవులకు అది ఒకే రకంగా వినపడుతుంది: అవసరం లేదు, అయినా బిగిస్తే మంచిదే. ఇంటికొచ్చినవాళ్ళు ‘ఇప్పుడు టీ ఎందుకండీ’ అంటే ఇవ్వడం మానేస్తామా? కాస్త ఎక్కువ జాగ్రత్త వల్ల నష్టం జరుగుతుందని అక్కడ ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. కూతురు అనుకోలేదు, అల్లుడు అనుకోలేదు, ఇక పెద్దాయన సంగతి చెప్పేదేముంది.

బోల్టులతో పాటు అల్లుడికి కొత్త రెంచి కూడా వచ్చింది. ఎంత బిగువు కావాలో ముందే అందులో పెట్టుకుంటే, అంతవరకూ రాగానే అది ‘టిక్’ మంటుంది. టిక్కుమనగానే అల్లుడు చెయ్యి తీసేసేవాడు.

“బల్లి పలికినట్టు పలికితే బిగిసినట్టేనా?” అనేవాడు పెద్దాయన. “ఇనుముకి మనిషి చెయ్యి తెలియాలోయ్.”

అల్లుడు నవ్వి ఊరుకునేవాడు. సాయంత్రం మామగారు ఎప్పటిలాగే వంగేవాడు, ఎప్పటిలాగే ఇంకో పట్టు పట్టేవాడు. ఈ కొత్తవి మహా మొండిగా ఉన్నాయనీ, కిర్రుమని చిన్న చప్పుడు చేసి అప్పుడుగానీ లొంగడం లేదనీ, అయినా తాను వదలడం లేదనీ కూతురితో గొప్పగా చెప్పేవాడు. ఆమె ‘సరే నాన్నా’ అనేది.

ఒకరోజు మధ్యాహ్నం వార్డు బాయ్ స్వయంగా షెడ్డుకు వచ్చాడు. ఎప్పుడూ నవ్వే మొహం మాడిపోయి ఉంది. తుంటి ఎముక విరిగిన ఒక ముసలావిడను ఏటవాలు దారి మీదుగా కిందికి దింపుతుంటే, కొత్త స్ట్రెచర్ ముందు చక్రం ఒకటి పక్కకి ఒరిగిపోయిందట. అతను మోకాలు అడ్డం పెట్టి ఆపాడట. ముసలావిడ కింద పడలేదుగానీ, ఆ కుదుపుకు ఆవిడ పెట్టిన కేక ఇంకా చెవుల్లోనే ఉందన్నాడు.

“తర్వాత మిగతావీ ఊపి చూశాం. చాలావాటికి చక్రాలు వదులుగానే ఉన్నాయి. మీ నాన్నగారు నెలనెలా వచ్చినప్పుడే నయం కదమ్మా,” అన్నాడు కూతురితో. “పైవాళ్ళు అన్నీ వెనక్కి పంపేయమంటున్నారు. నేనే కాస్త ఆగమని బతిమాలాను.”

అతను వెళ్ళాక ముందుగా నోరు మెదిపింది పెద్దాయనే. మెదపకుండా ఉంటే బాగుండేది.

“నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను. చేతిలో పస లేదు. టిక్కనగానే తీసేయడం! ఆ ముసలావిడ పడిపోయి ఉంటే ఎవరు జవాబు చెప్పేవాళ్ళు? అలాంటి చెయ్యి చక్రాన్ని ముట్టుకోకూడదు.”

అల్లుడు తల దించుకుని చేతిలో ఉన్న నట్టును అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“ఆయన బిగించాక ప్రతిదాన్నీ నువ్వూ బిగించావు కదా నాన్నా,” అంది కూతురు.

“అందుకేగా ఈమాత్రమైనా ఆగాయి! పునాది పుచ్చితే పైన సున్నం కొట్టి లాభమేముంది?”

“బోల్టుల్లోనే లోపం ఉందేమో.”

“అదీ చూద్దాం. మాటలెందుకు, పరీక్ష పెట్టు.”

పరీక్ష పెట్టమన్నది ఆయనే, ఎలా పెట్టాలో చెప్పిందీ ఆయనే. ఈ సంగతి ఇక్కడే చెప్పుకోవడం మంచిది, తర్వాత ఎవర్నీ ఆడిపోసుకోనక్కర్లేదు. రెండు స్ట్రెచర్లు తీసుకుంటారు. రెంటికీ పొద్దున అల్లుడే చక్రాలు బిగిస్తాడు. సాయంత్రం ఒకదానికి మాత్రం పెద్దాయన చెయ్యి పడుతుంది, దానికి ఎర్రగుడ్డ కడతారు. రెండోదాన్ని ఆయన ముట్టుకోడు, దానికి తెల్లగుడ్డ. రెండింటి మీదా ఇనప ముక్కల బస్తాలు వేసి, ఇటుక ముక్కలు పైకి తేలిన వెనక దొడ్లో వాటిని అటూ ఇటూ తిప్పుతారు. వారం తిరిగాక ఊపి చూస్తారు.

“తెల్లది ఊగిందా, అల్లుడు చక్రాలు బిగించే బల్ల దగ్గర కూర్చోకూడదు. ప్యాకింగుకు వెళ్ళిపోవాలి,” అన్నాడు పెద్దాయన.

“ఎర్రది ఊగితే?”

పెద్దాయన నవ్వాడు. “ఎర్రది ఊగితే నేను మళ్ళీ ఈ జన్మలో బోల్టు ముట్టుకోను.”

కూతురు ఇద్దరి మొహాలూ చూసింది. అటు చూస్తే మొగుడి బల్ల, ఇటు చూస్తే తండ్రి చెయ్యి. ఏది పోయినా పోయేది ఆమె ఇంట్లోంచే. అయినా ముసలావిడ కేక ఆమె కూడా విన్నట్టే ఉంది కాబట్టి సరేనంది.

ఆ వారమంతా మేడ మీద భోజనాల దగ్గర మాటలు కరువయ్యాయి. మంచినీళ్ళు తాగిన చప్పుడు కూడా పెద్దగా వినపడేది. కింద దొడ్లో మాత్రం గోల. ఎర్రగుడ్డా తెల్లగుడ్డా బస్తాలు మోస్తూ ఇటుక ముక్కల మీద గంతులేసుకుంటూ తిరిగేవి. పెద్దాయన అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, ఎర్రది ఎదురుగా వెళ్ళినప్పుడల్లా స్కూలు పందెంలో సొంత పిల్లవాణ్ణి చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఎర్రదాని మీద ఇంకో రెండు బస్తాలు వేయమని కూడా ఒకసారి పురమాయించాడు. ధీమా అంటే అదీ.

గడువు రోజు పొద్దున ఆయన కిందికి దిగేసరికి రెండు స్ట్రెచర్లూ షెడ్డు మధ్యలో పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. షెడ్డు తెరిచేది రోజూ అల్లుడే. అతను గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూతురు ముందుగా ఎర్రగుడ్డ దాన్ని పట్టుకుని ఊపింది. కొండను ఊపినట్టుంది. తెల్లగుడ్డ దాన్ని ఊపింది. వెనక చక్రం ఒకటి లొడలొడమంది, ముందుది ఒకటి తాగినవాడి కాలులా పక్కకి జరిగింది.

కూతురు ఇంకోసారి ఊపి చూసింది. మళ్ళీ అదే చప్పుడు.

“అయితే మీరు రేపట్నుంచి ప్యాకింగు చూసుకోండి,” అంది మొగుడి వైపు చూడకుండా. “బల్ల దగ్గరికి ఇంకొకర్ని చూస్తాను. నాన్నా, ఇకమీదట ప్రతి బోల్టుకీ నీ చెయ్యి పడాల్సిందే. ఆసుపత్రికి కూడా మళ్ళీ నెలనెలా వస్తావని చెబుతాను. అలాగైనా ఒప్పుకుంటారేమో చూద్దాం.”

“అలాగే,” అన్నాడు అల్లుడు.

పెద్దాయనకు సంతోషం వేసింది. వెయ్యలేదని అబద్ధం చెప్పడం ఎందుకు? కూతురి మొహం చూస్తే కాస్త జాలి కూడా వేసింది గానీ, సంతోషం ముందు అది నిలవలేదు. స్టూలూ, టీ, దారివ్వండన్న అరుపూ అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అందరూ ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళాక, తనను గెలిపించిన చక్రాన్ని ఒకసారి తడిమి చూసుకోవాలనిపించింది. మోకాళ్ళు పట్టుకుని వంగి ఎర్రగుడ్డ స్ట్రెచర్ కిందికి దూరాడు.

బోల్టు తల నున్నగా ఉంది.

వేలితో చుట్టూ తడిమాడు. ఒక్క మూల కూడా చెదరలేదు. పక్క బోల్టు చూశాడు. నున్నగా ఉంది. ఇంకో చక్రం, ఇంకో చక్రం. ఆయన పానా నోరు ఎక్కడా పడలేదు. పెద్దాయన పాక్కుంటూ తెల్లగుడ్డ దాని కిందికి వెళ్ళాడు. లొడలొడమన్న చక్రం బోల్టుల తలల మీద గాట్లు వరసగా ఉన్నాయి, ఆయన సంతకమే.

మొదట కోపం వచ్చింది, అదీ అల్లుడి మీద. గుడ్డలు మార్చింది అతనే, ఇంకెవరు మారుస్తారు? నాకు గెలుపు బిచ్చం వేస్తాడా, వీడెవడు నా మీద జాలిపడటానికి అనుకున్నాడు. ఆ కోపంలో ఉన్నంతసేపు కాస్త హాయిగానే ఉంది. అది చల్లారాక అసలు సంగతి మీద పడింది. వదులైనవి తాను బిగించినవే. ఆసుపత్రికి వెళ్ళినవాటిలో తన చెయ్యి పడనిది ఒక్కటీ లేదు. కిర్రుమని లొంగాయని చెప్పుకున్నాడే, లొంగింది బోల్టు కాదు, లోపల పట్టుకుంటున్నది విరిగిపోయింది. ముసలావిడ పడిపోయి ఉంటే ఎవరు జవాబు చెప్పేవాళ్ళని అల్లుణ్ణి అందరి ముందూ అడిగింది తనే. ఇప్పుడా ప్రశ్న తిరిగి తన మొహం మీదికే వచ్చింది.

ఊరుకుంటే ఊరుకున్నట్టే. నిజం తెలిసిన నోరు ఇంకొకటే ఉంది, ఆ నోట్లో నాలుక లేదు. పెద్దాయన స్ట్రెచర్ కింద నేల మీద అలాగే కూర్చుని ఆ మాట కూడా ఆలోచించాడు. సిగ్గుపడుతూనే ఆలోచించాడు. తర్వాత గొంతు సవరించుకుని అల్లుణ్ణి పిలిచాడు.

అల్లుడు బల్ల మీది తన సామాన్లు ఒక డబ్బాలో సర్దుకుంటున్నాడు. డబ్బా పక్కన పెట్టి వచ్చి, మామగారు కింద ఉండటం చూసి, తానూ వంగి లోపలికి దూరాడు. ఇద్దరు పెద్ద మగవాళ్ళు స్ట్రెచర్ కింద తలలు తగలకుండా మెడలు వంచుకుని కూర్చున్నారు.

“ఇవి ఎవరి బోల్టులు?”

అల్లుడు చూశాడు. గాటు మీద వేలు పెట్టాడు. “అయ్యో,” అన్నాడు. చేసిన పనికి కాదు, ఇంత చిన్నది మరిచిపోయినందుకు.

“గుడ్డలు ఎప్పుడు మార్చావు?”

“పొద్దున షెడ్డు తీశాక. మీది ఊపి చూశాను, ఊగింది మామయ్యా. బోల్టు విప్పితే మందంతా పొడిగా రాలింది. నాదానికి ఎంత బలం పెట్టినా కదల్లేదు. అప్పుడు అర్థమైంది. నేను పొద్దున బిగిస్తే సాయంత్రానికి మందు సగం గట్టిపడి ఉంటుంది. మీరు తిప్పగానే ఆ పట్టు తెగిపోతుంది. మళ్ళీ పట్టుకుందామంటే లోపల చితకడానికి బుడగలు ఉండవు. బిగువైతే ఉంటుంది, పట్టు ఉండదు.”

పెద్దాయన గాట్లను మళ్ళీ ఒకసారి తడిమాడు. “విరిగిన ఎముకకు కట్టు కట్టి, అతికిందో లేదోనని సాయంత్రం వంచి చూసినట్టు.”

“అలాంటిదే.”

“మరి గెలిచినవాడివి గుడ్డలు మార్చడమెందుకోయ్?”

అల్లుడు గొంతు తగ్గించాడు. “మీ అమ్మాయి మొన్న ఏడ్చింది. నాన్న ఓడిపోతే బోల్టు ముట్టుకోనన్నాడు, అన్నాడంటే ముట్టుకోడు, అమ్మ కూడా లేదు, ఇక సాయంత్రాలు ఏం చేసుకుంటాడు అని.”

పెద్దాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకుంటే తల చట్రానికి తగిలింది.

“నా సంగతి సరే. ఆసుపత్రిలో మనుషుల మాటేమిటి?”

“అదీ ఆలోచించాను. ప్యాకింగులో ఉంటే అందరికంటే చివర్న వెళ్ళేది నేనే కదా. మీరు బిగించి మేడ మీదికి వెళ్ళాక, అవన్నీ తీసేసి కొత్తవి వేసేస్తాను.”

“అంటే నేను చెడగొట్టాలి, నువ్వు బాగుచేయాలి. రోజూనా?”

“రోజూ.”

“ఎన్నాళ్ళు?”

అల్లుడు ఇబ్బందిగా కదిలాడు. “మీరున్నన్నాళ్ళు,” అన్నాడు.

ఇన్నేళ్ళలో అల్లుడు పెద్దాయనతో ఇంతసేపు మాట్లాడింది ఇదే మొదటిసారి. ఆ మాట్లాడినదాంట్లో ఒక్క ఎత్తిపొడుపు లేదు. అదే భరించడం కష్టంగా ఉంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు, సరిపోయేది.

అంతలో స్ట్రెచర్ పక్కన కూతురి చెప్పులు వచ్చి ఆగాయి.

“ఏం చేస్తున్నారు ఇద్దరూ అక్కడ?”

“ఏం లేదు, వాషరు ఒకటి పడిపోతే...” అని మొదలుపెట్టాడు అల్లుడు, మామగారి మోకాలు నొక్కుతూ.

“వాషరూ లేదు, గీషరూ లేదు,” అన్నాడు పెద్దాయన కింద నుంచే. “అమ్మా, వదులైనవి నా బోల్టులు. గుడ్డలు మారాయి. ఆసుపత్రిలో చక్రం ఒరిగింది కూడా నా వల్లే. ఈ అబ్బాయి చేతిలో ఏ లోపమూ లేదు.”

చెప్పులు కదల్లేదు. తర్వాత ఆమె వంగి చూసింది. చూసి, ‘నాన్నా’ అని కౌగిలించుకుంటుందని ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఆమె ఆ షెడ్డు నడిపే మనిషి.

“బయటికి రండి,” అంది.

వచ్చారు. బట్టల నిండా దుమ్ము. ముందు మొగుడి పని పట్టింది. “మనుషుల ప్రాణాల మీదికి వచ్చే చోట మర్యాదలేమిటండీ? ఒక్కరోజు మీకు జ్వరం వచ్చి చివరిదాకా ఉండలేకపోతే, ఆరోజు స్ట్రెచర్ మీద ఎవరుంటారో మీకు తెలుసా? నేను ఏడిస్తే ఏడుస్తాను. అది నా సొంత గొడవ. దానికి చక్రాలతో సంబంధం ఏమిటి?” అల్లుడు నేల చూశాడు. ఆమె తండ్రి వైపు తిరిగింది, కానీ గొంతు కాస్త తగ్గింది. “నీ తప్పు ఎంతుందో నాదీ అంతే ఉంది. మళ్ళీ బిగించక్కర్లేదని అతనన్నప్పుడు, బిగిస్తే ఏమవుతుందని నేను అడగాలి. అడగలేదు.”

“నేనన్న మాట ఒకటుంది,” అన్నాడు పెద్దాయన.

“ఉంది,” అంది ఆమె. వద్దులే నాన్నా అని అనలేదు. అంటే బాగుండునని ఆయన ఒక్క క్షణం ఆశపడ్డాడు, అనకపోతేనే మంచిదని కూడా ఆయనకు తెలుసు.

బోల్టులూ నట్టులూ కొత్తవి తీసుకుని మామా అల్లుళ్ళు ఆసుపత్రికి వెళ్ళారు. తమ షెడ్డు నుంచి వచ్చిన స్ట్రెచర్లన్నీ ఒక పక్క వసారాలో వరసగా పెట్టించారు. పాతవి విప్పే పని పెద్దాయనే అడిగి పెట్టుకున్నాడు. విప్పడం బిగించడం కిందికి రాదని కూతురు కూడా ఒప్పుకుంది. గాటు పడ్డ బోల్టులు ఒక్కొక్కటే విప్పి సంచీలో వేశాడు. కొన్ని చేతికే ఊడి వచ్చాయి. మరచుట్ల మధ్య నుంచి నీలం పొడి రాలి అరచేతికి అంటింది. వెనకే అల్లుడు కొత్తవి పెట్టి, టిక్కుమనగానే చెయ్యి తీస్తూ వచ్చాడు. టిక్కుమన్న ప్రతిసారీ పెద్దాయన వేళ్ళు వాటంతట అవే ముడుచుకునేవి. ఒకచోట ఆగలేక ముందుకు వంగాడు కూడా. మళ్ళీ తనంతట తానే వెనక్కి జరిగి, చేతులు చంకల్లో పెట్టుకుని, గోడ మీది బొద్దింకను శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు. పని అయ్యాక, మందు గట్టిపడాలి కాబట్టి మర్నాటిదాకా వాటిని ఎవరూ కదపొద్దని చెప్పి వచ్చేశారు.

మర్నాడు అప్పగించడానికి వెళ్తే వార్డు బాయ్ అలవాటుగా స్టూలు తెచ్చి వేశాడు. పెద్దాయన కూర్చోలేదు. అతను ఒక స్ట్రెచర్‌ను ముందుకూ వెనక్కూ తోసి, పట్టుకుని ఊపి చూశాడు. చక్రాలు కదల్లేదు. వసారా చివర బెంచీ మీద కాలికి కట్టుతో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పై అంతస్తుకు తీసుకెళ్ళాల్సింది ఆమెనే. ఆమె కూడా ఇటే చూస్తోంది.

“గట్టిగానే ఉన్నాయి,” అన్నాడు వార్డు బాయ్. అయినా అతని చెయ్యి స్ట్రెచర్‌ను వదల్లేదు. “మొన్నటి సంగతితో నాకు గుండె దడ పట్టుకుంది మేస్త్రిగారూ. వీటికి మీ చెయ్యి పడిందా? పడిందంటే చాలు, నేను కళ్ళు మూసుకుని తోసుకెళ్తాను.”

“ఆఁ, నిన్ననే మామయ్య అన్నీ...” అని అందుకున్నాడు అల్లుడు, పాపం, అంత తిట్టు తిన్నాక కూడా.

పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఈ వసారాలో, ఈ మనిషి ముందు ఆ మాట అనాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు. ఏడుపు వస్తుందేమోనని నిజంగా భయమేసింది.

“పడలేదు,” అన్నాడు. “ఆ ముసలావిడ చక్రం ఒరిగింది నా చెయ్యి పడబట్టే. వీటిలో ఒక్కదాన్ని కూడా నేను బిగించలేదు. ధైర్యంగా తీసుకెళ్ళు.”